కొయ్యలో గాలి, కొయ్యలో నీరు

వేట ముగించుకొని ఒడ్డు చేరిన తెప్పను నలుగురూ కలిసి అలల అంచు దాటించి ఇసుక మీదికి లాగుతారు. వలలు దిగుతాయి, చేపలు గంపల్లోకి వెళతాయి, వేలంపాట మొదలవుతుంది. ఆ సందడి సద్దుమణిగాక, కొయ్య తెప్పలు నడిచినన్నాళ్ళూ తమిళనాడు వైపు తీరంలో ఇంకో పని మిగిలి ఉండేది. కట్లు సడలించి తెప్పను విప్పేసేవారు. దుంగల్ని విడదీసి ఎండలో ఎడంఎడంగా పరిచేవారు. మర్నాడు చీకటితోనే మళ్ళీ కట్టుకోవాలి. మన ఉత్తర కోస్తా తెప్పల తీరు కాస్త వేరు. ఇక్కడ దుంగల్ని కొయ్య చీలలతో బిగించి రెండు సగాలుగా చేసుకుని, ఆ సగాల్ని తాళ్ళతో జతకట్టేవారు. ఒడ్డుకొచ్చాక మళ్ళీ రెండుగా విడదీసి మోసుకుపోయేవారు. పద్ధతి ఏదైనా ప్రశ్న ఒకటే. నిక్షేపంలా తేలుతున్నదాన్ని రోజూ ఎందుకు విప్పడం?

మొయ్యడం తేలికవుతుందన్నది ఒక జవాబు. రెండోది తెలియాలంటే కొయ్య ఎందుకు తేలుతుందో చూడాలి. కొయ్య నీటికంటే తేలిక, కాబట్టి తేలుతుంది అని చిన్నప్పుడు చదువుకున్నాం. అది సగం నిజమే. కొయ్యను కొయ్యగా నిలబెట్టే అసలు సరుకు, అంటే కణాల గోడల్లో ఉండే సెల్యులోజు, లిగ్నిన్ వంటి పదార్థాలు, నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. ఏ చెట్టు తీసుకున్నా, బూరుగైనా టేకైనా తుమ్మైనా, ఆ లెక్క ఇంచుమించు మారదు. ఆ సరుకును ముద్దచేసి సముద్రంలో వేస్తే రాయిలా మునుగుతుంది. తేలేది గోడల మధ్య ఉన్న ఖాళీ. చెట్టు బతికున్నప్పుడు నీటిని పైకి చేరవేసిన సన్నని గొట్టాలే, చెట్టు కొట్టి ఎండబెట్టాక గాలి గదులవుతాయి. ఘనపు మీటరుకు 650 కిలోలు తూగే టేకులో సగానికి పైగా ఖాళీయే. 350 కిలోల దరిదాపుల్లో ఉండే బూరుగులో నాలుగింట మూడు వంతులు గాలి.

కాబట్టి తెప్పకు కొయ్య ఎంచుకోవడమంటే గాలిని ఎంచుకోవడమే. దిరిసెనకు దగ్గరి చుట్టాలైన తేలిక చెట్లు, మలబారు వేప, బూరుగు లాంటివాటిని తెప్పలకు వాడింది అందుకే. ఇంటి ద్వారబంధానికి పనికిరాని కొయ్య ఇక్కడ రాజు. అయితే ఈ గాలి గదులకు తలుపులు గట్టివి కావు. నీళ్ళు మెల్లగా లోపలికి పాకుతాయి, గాలి బయటికి పోతుంది. ఒక ఘనపు మీటరు ఎండు దుంగలు 400 కిలోలు తూగుతాయనుకుందాం. అంతే పరిమాణం సముద్రపు నీరు 1,025 కిలోలు. తేడా 625 కిలోలు. మనుషులు, వలలు, చేపలు కలిపి ఆ దుంగలు మోయగలిగింది అంతే. నీళ్ళు పీల్చి దుంగల బరువు 600 కిలోలకు చేరితే మోత 425 కిలోలకు పడిపోతుంది. అంటే ముగ్గురు మనుషులు దిగిపోవాల్సినంత తేడా. ఎండలో పరచడమంటే పోయిన గాలిని మళ్ళీ లోపలికి పిలవడం. బ్యాటరీని రాత్రికి ఛార్జింగ్‌లో పెట్టినట్టే, తెప్పను పగటికి ఎండలో పెట్టేవారు.

ఇక్కడో చిన్న పక్కమాట. తమిళంలో ‘కట్టుమరం’ అంటే కట్టిన కొయ్య, అంతే. ఆ మాట 17వ శతాబ్దం చివర విలియం డాంపియర్ లాంటి ఆంగ్ల నావికుల రాతల్లోకెక్కి ‘కాటమరాన్’ అయింది. ఇప్పుడు ప్రపంచమంతా కాటమరాన్ అంటే రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి పైన అంతస్తు కట్టిన ధనవంతుల షికారు నౌక. మాట ఊరేగింది, దుంగలు ఒడ్డునే ఉండిపోయాయి. మనం తెప్ప అనే పిలుచుకున్నాం, అదే నయం.

తెప్పకు ‘లోపల’ అనేదే లేదు. దాని గొప్పతనమంతా ఇందులో ఉంది. పడవకు లోపల, బయట ఉంటాయి కాబట్టి బయటి నీరు లోపలికొస్తే ముప్పు. తెప్ప మీదికి అల విరుచుకుపడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి తమ దారిన తాము జారిపోతాయి. తోడిపోసే పని లేదు. తిరగబడినా మునగదు, పక్కకు చేరి మళ్ళీ తిప్పుకుని ఎక్కి కూర్చోవచ్చు. ఓడరేవులు లేని చోట, నేరుగా నురగలోంచి సముద్రంలోకి వెళ్ళాల్సిన చోట, ఇంతకంటే తెలివైన సాధనం మనిషి కనిపెట్టలేదని నా అభిప్రాయం. మనిషి మాత్రం రోజంతా తడిసే ఉంటాడు. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడేది ఒడ్డున కూర్చున్నవాళ్ళే.

ఆ నురగ సంగతి కొంచెం చూడాలి, ఎందుకంటే మన తూర్పు తీరపు పడవల రూపురేఖల్ని దిద్దింది అదే. నడిసముద్రంలో అల అంటే నీరు ముందుకు పరిగెత్తడం కాదు. నీరు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, ముందుకు సాగేది ఆ ఊపు మాత్రమే. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ అల అడుగుభాగం నెమ్మదిస్తుంది, పైభాగం లేచి నిలబడుతుంది. లోతు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు పడిపోయేసరికి అల తన కాళ్ళ మీద తాను నిలవలేక ముందుకు కూలుతుంది. మీటరు ఎత్తు అల ఇంచుమించు నడుము పైకి వచ్చే లోతులో విరుగుతుందన్నమాట. అప్పటిదాకా ఉత్త ఊపుగా ఉన్నది, ఆ క్షణం నుంచి నిజంగా పరుగెత్తే నీటిగోడ.

ఆ లోతులో అల వేగం సెకనుకు సుమారు మూడున్నర మీటర్లు. ఒక్క ఘనపు మీటరు నీరు, అంటే టన్ను పైచిలుకు బరువు, ఆ వేగంతో వచ్చి పడవ పక్కను కొట్టి ఆగిందనుకోండి. సెకనులో ఇరవయ్యో వంతులో ఆగితే పలకల మీద పడే సగటు తోపుడు ఏడు టన్నులకు పైనే. అదే నీరు సెకనులో ఐదో వంతు సమయం తీసుకుని ఆగితే తోపుడు రెండు టన్నుల లోపు. వచ్చిన నీరు అంతే, వేగమూ అంతే. తేడా అంతా అది ఆగడానికి పట్టిన సమయంలో ఉంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతుల్ని వెనక్కి లాక్కోవడం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పడవ కూడా చేతుల్ని వెనక్కి లాక్కోగలిగితే బతుకుతుంది.

అలా లాక్కోగల పడవను మన తీరం తయారుచేసుకుంది. దానికి మేకులు లేవు, లోపల పక్కటెముకల్లాంటి వంపు కొయ్యలూ లేవు. పలకల అంచుల వెంబడి రంధ్రాలు వేసి, సందు మీద నారచుట్ట పరిచి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుట్టేస్తారు. అలివి వలను ఒడ్డు నుంచి అర్ధచంద్రాకారంగా సముద్రంలో పరచడానికి, మళ్ళీ ఒడ్డున నిలబడి రెండు కొసలూ లాగడానికి వాడిన పెద్ద పడవ ఇదే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మసూలా బోటు అన్నారు. ఆ పేరు మసులీపట్నం నుంచి, అంటే మన మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరంటారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. మద్రాసులో 1870లలో రేవు కట్టడం మొదలయ్యేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరేసి నిలిచేవి. దొరలు, దొరసానులు, వాళ్ళ పెట్టెలు, మూటలు అన్నీ ఈ కుట్టుపడవల్లోనే నురగ దాటి ఒడ్డెక్కాయి. ఓడల వెంట వచ్చిన గట్టి మేకుల పడవలు ఆ నురగలో నిలవలేకపోయేవి. కుట్టుపడవ అల తగిలినప్పుడు మెలి తిరిగేది, ఉబ్బేది, నొక్కుకుపోయేది. ఇసుక మీద ధడాలున పడ్డా విరిగేది కాదు.

ఈ కుట్టుకు కొబ్బరి పీచే ఎందుకు? పీచులో లిగ్నిన్ ఎక్కువ, నూటికి నలభై వంతుల దాకా ఉంటుంది. కొయ్యకు బిరుసునిచ్చేది, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు కొరుకుడుపడనిది ఆ పదార్థమే. అందుకే ఉప్పునీటిలో పీచు తొందరగా చివకదు. రెండో గుణం అంతకంటే ముఖ్యం. గోనెసంచి నారను లాగితే తన పొడవులో రెండు శాతం సాగేలోపే తెగుతుంది. కొబ్బరి పీచు పాతిక శాతం దాకా సాగగలదు. ఆ సాగుడే అల దెబ్బను సెకనులో ఇరవయ్యో వంతు నుంచి ఐదో వంతుకు పొడిగించే స్ప్రింగు. తాడు సడలితే మళ్ళీ కుట్టుకోవడమే. చెప్పులు కుట్టుకున్నట్టు పడవను కుట్టుకోవడం ఏటేటా ఉండే పని, అందుకు కూలీ, పీచు ఖర్చూ ఉండేవి. మేకులు తెలియకనో కొనలేకనో కుట్టారనడం తొందరపాటు మాట. ఉత్తర భారతంలోనూ దక్షిణాదిలోనూ రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఇనుము కరిగించారు. ఇనుము తెలిసిన దేశంలోనే కుట్టు నిలిచింది.

కుట్టుఓడ కథ మళ్ళీ ఈమధ్య పత్రికల్లోకి వచ్చింది. అజంతా కుడ్యచిత్రంలోని ఓడ బొమ్మను ఆధారం చేసుకుని, కేరళకు చెందిన బాబు శంకరన్ అనే ఓడల శిల్పి బృందం కొబ్బరి తాడుతో కుట్టిన తెరచాప ఓడను 2025 మే నెలలో కార్వార్‌లో భారత నౌకాదళం తనలో చేర్చుకుంది. పేరు కౌండిన్య. బొమ్మలో ఉన్నది పైరూపమే, నక్షా లేదు. అందుకని ఐఐటీ మద్రాసులో నమూనాను నీటి తొట్టిలో పరీక్షించి చూశారు. మన తీరపు కుట్టుపడవకు అలాంటి గౌరవం దక్కలేదు. అది అజంతా గోడకెక్కలేదు, అలివి వలతో పాటే అరిగిపోయింది.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి: శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంటుంది. తెలుగు తీరపు ఓడల గురించి మాట్లాడే ప్రతి వ్యాసమూ ఆ నాణెం దగ్గర ఆగి గర్వపడుతుంది. నాకు మాత్రం ఆ నాణెం కంటే గోదావరి పాయ పక్కనున్న కోరంగి మీద మనసు ఎక్కువ పోతుంది. 18, 19 శతాబ్దాల్లో ఓడలు కట్టడానికీ, దెబ్బతిన్న ఓడలు బాగుచేయడానికీ పేరుపడిన చోటు అది. చుట్టూ తాళ్ళరేవు, నీలపల్లి, ఇంజరం, ఫ్రెంచివారి యానాం. ఇక్కడినుంచి ఓడెక్కి రంగూను వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ, ఏ ఊరివాళ్ళైనా సరే, బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1789లోనూ 1839లోనూ తుపానులు ఈ ఊరిని ఊడ్చేశాయి. కలకత్తాలో తుపానుల మీద పని చేసిన హెన్రీ పిడ్డింగ్టన్ పాము చుట్టల గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు తయారుచేసింది 1840లలోనే. తుపానులకు తోడు గోదావరి తెచ్చే మేట. రేవు పూడుకుపోయింది, ఎదురుగా సముద్రంలో ఇసుక పొడుగ్గా పేరుకుని హోప్ ఐలాండ్ అయింది, వ్యాపారం కాకినాడకు జరిగిపోయింది. ఓడలు పోయినా బాడిస పట్టిన చేతులు పోలేదు. తాళ్ళరేవు, భైరవపాలెం, కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డున అవే చేతులు చేపల నావలు కట్టాయి.

నావ అంటే తెప్పకు పూర్తిగా ఎదురు సిద్ధాంతం. దీనికి లోపల ఉంది. నీరు లోపలికి రాకూడదు. అడుగు దూలం, దాని మీద వరసగా వంపు కొయ్యలు, వాటికి పలకలు. దూలానికి, పలకలకు టేకో మద్దో వాడితే, వంపు కొయ్యలకు నల్లతుమ్మ. తుమ్మ ఎందుకంటే అది వంకర చెట్టు. సరిగ్గా కావలసిన వంపుతోనే పెరిగిన కొమ్మను వెతికి పట్టుకుంటే, కొయ్యలోని పోగులు ఆ వంపు వెంటే నడుస్తాయి. నిటారు దూలాన్ని వంపుగా చెక్కితే పోగులు మధ్యలో తెగి, బరువు పడగానే ఆ తెగిన చోటే చీలిక వస్తుంది. కట్టెల మండీలో వంకర తుమ్మ పొయ్యి కిందికి పోయే సరుకు. పడవ వడ్రంగి అక్కడికెళ్ళి చెట్టులో పడవ పక్కటెముకను చూస్తాడు.

పలకను వంచడం ఇంకో ముచ్చట. తడిపిన పలకను సెగ మీద పట్టి, ఒక కొస బిగించి, రెండో కొసను మెల్లగా లాగుతూ వంచుతారు. చూసేవాళ్ళకు అది మొరటు పనిలా కనిపిస్తుంది. లోపల జరిగేది చాలా సున్నితం. కణాల్ని ఒకదానికొకటి అతికించే లిగ్నిన్, తడిగా ఉండి నీరు మరిగే వేడికి దగ్గరైతే మెత్తబడుతుంది, లక్క మెత్తబడ్డట్టు. అప్పుడు పోగులు ఒకదాని మీద ఒకటి కాస్త జారి కొత్త వంపులో సర్దుకుంటాయి. చల్లారాక లిగ్నిన్ మళ్ళీ బిగుసుకుంటుంది, వంపు నిలిచిపోతుంది. పొడి కొయ్యను అంతే సెగ పెడితే మాడుతుంది తప్ప వంగదు. తడి, వేడి రెండూ కలవాలి. ఎంత తడి, ఎంత సెగ అన్నదానికి థర్మామీటరు లేదు. పలక మీంచి లేచే ఆవిరి తీరు చూసి, చేతికి తెలిసే బిరుసు చూసి చెప్పాలి.

పలకల మధ్య సందుల్ని దూది, నార పేనిన పోగులతో ఉలిలాంటి పనిముట్టు పెట్టి కూరుతారు. పైన గుగ్గిలం నూనెలో మరిగించిన ముద్దో తారో పూస్తారు. ఇంత చేసినా, కొత్త నావ నీటిలో దిగిన మొదటి రోజు కారుతుంది. దిగులుపడే పని లేదు. రెండు మూడు రోజుల్లో దానంతటదే ఆగుతుంది.

ఎందుకు ఆగుతుందో చూస్తే కొయ్య స్వభావం పూర్తిగా బయటపడుతుంది. కొయ్య తడి పీల్చినప్పుడు మొదట కణాల గోడలు తాగుతాయి. ఎండు కొయ్య బరువులో దాదాపు ముప్పై శాతం తడి దాకా గోడలకే పోతుంది, ఆ మేరకు గోడలు ఉబ్బుతాయి. ఆ హద్దు దాటాక వచ్చే నీరు గదుల్లో నిండుతుంది. బరువు పెరుగుతుంది కానీ కొయ్య ఇంక ఉబ్బదు. తెప్పను ముంచేది ఈ రెండో నీరు. నావను కాపాడేది మొదటి నీరు. పైగా ఈ ఉబ్బు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పొడవు దిక్కున లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం బాగా ఉంటుంది, అందులోనూ వయసు వలయాల వెంబడి ఉబ్బేది, వాటికి అడ్డంగా ఉబ్బే దానికి సుమారు రెట్టింపు. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న పలక ఎండ నుంచి నీటిలోకి దిగితే, కోసిన తీరును బట్టి రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా వెడల్పవుతుంది. పలకలన్నీ ఒకదాన్నొకటి తోసుకుని, మధ్యలో కూరిన దూదిని నొక్కి, సందు మూసేస్తాయి. నావను కడుతున్నప్పుడే ఈ ఉబ్బును లెక్కలో వేసుకోవాలి. మరీ బిగించి కడితే తోసుకునే చోటు లేక పలకలు చీలలను లాక్కుని పైకి లేస్తాయి. వదులుగా కడితే సందు మూసుకోదు. నావను నెలల తరబడి ఎండలో ఉంచితే సందులు తెరుచుకునేదీ అందుకే. తెప్పకు ఎండ ప్రాణం, నావకు ఎండ జబ్బు. ఒకే కొయ్య, ఒకే సముద్రం, రెండు విరుద్ధమైన వైద్యాలు.

ఇనుప మేకుకూ కొయ్యకూ మధ్య నడిచే తగాదా కూడా ఇక్కడే చెప్పాలి. తుమ్మలో టానిన్లు ఎక్కువ. పూర్వం నూలు వలలు చివకకుండా తుమ్మచెక్క కషాయంలో ముంచింది ఆ టానిన్ల కోసమే. అదే టానిను తడిలో ఇనుముతో కలిస్తే నల్లని పదార్థం పుడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి మన పెద్దలు తయారుచేసుకున్న నల్ల సిరా సరిగ్గా ఇదే రసాయనం. కాబట్టి పాత నావలో మేకు చుట్టూ కనిపించే నల్లమచ్చ ఒక రకంగా సిరామరక. సిరా కాగితానికి అందం కానీ మేకుకు చేటు. మేకు తినేసుకుంటుంది, చుట్టూ కొయ్య మెత్తబడి పట్టు వదులుతుంది. జింకు పూత పూసిన మేకులకు ఖర్చుపెట్టడం అందుకే. టేకు ఈ విషయంలో మంచిది, ఇనుమును అంతగా తినదు. ఓడలు కట్టేవాళ్ళు టేకు కోసం వెర్రెత్తిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటిదాకా చెప్పింది కొయ్యకూ నీటికీ మధ్య సంగతి. మూడో మనిషి ఒకడున్నాడు. పేరు టెరిడో, ఓడపురుగు అంటారు కానీ పురుగు కాదు. ఆల్చిప్పల, గుల్లల జాతి. ఒళ్ళంతా పొడుగ్గా సాగి పురుగులా అయిపోయింది, చిప్పలు రెండూ తల దగ్గర చిన్న ఆకురాళ్ళలా మిగిలాయి. గుండుసూది తలకంటే చిన్న పిల్లగా ఉన్నప్పుడు కొయ్య మీద వాలి, కనీకనిపించని రంధ్రం చేసుకుని లోపలికి దూరుతుంది. లోపలే పెరుగుతుంది, పెరిగాక ఆ రంధ్రంలోంచి బయటికి రాలేదు. చిప్పల్ని అటూ ఇటూ తిప్పుతూ కొయ్యను గీకి తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది, వెనక గోడలకు సున్నం పూసుకుంటుంది. థేమ్స్ నది కింద సొరంగం తవ్విన మార్క్ బ్రూనెల్‌కు యంత్రం ఆలోచన దీన్ని చూసే వచ్చిందంటారు. కొయ్య తిని బతకడం చాలా జంతువులకు సొంతంగా సాధ్యమయ్యే పని కాదు. దీని మొప్పల్లో కాపురముండే బాక్టీరియా సెల్యులోజును చక్కెరగా విడగొట్టే ఎంజైముల్ని ఇస్తుంది, పైగా నత్రజనిని కూడా పట్టిపెడుతుంది. బయటినుంచి చూస్తే పలక చెక్కుచెదరకుండా ఉంటుంది. తడితే డొల్ల శబ్దం వస్తుంది.

ఒడ్డున ఎండే తెప్పకు ఈ బాధ తక్కువ. వాలిన పిల్ల రోజూ ఎండకు చచ్చిపోతుంది. ఉప్పుటేట్లో లంగరేసి ఉండే నావకు తప్పదు. ఎదిగిన పురుగైతే నావను ఒడ్డెక్కించినా చావదు. తోక దగ్గరున్న రెండు బిరడాలతో రంధ్రం మూసుకుని రోజుల తరబడి లోపలి తడితో కాలక్షేపం చేయగలదు. అందుకే నావను పక్కకు ఒరిగించి, అడుగున ఎండాకులు, గడ్డి కాల్చి సెగపెట్టడం, ఆపైన నూనెలు, తారు పూయడం. గోదావరి వరద కూడా ఒక మందే. ఉప్పు బాగా తగ్గితే టెరిడోల్లో చాలా జాతులు బతకవు, చప్పటి నీటికి అలవాటుపడ్డ కొన్ని మొండిఘటాలు తప్ప. నదీముఖం దగ్గర ఓడల రేవులు వెలియడంలో ఈ సౌకర్యమూ ఉంది.

మందుల్లోకెల్లా గట్టిది మాత్రం ప్రయోగశాలలో పుట్టింది, దాని వెనకున్నాయన పేరు మనలో ఎందరికి తెలుసు? డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం. ఇంటిపేరు చెబితే చాలు, ఎవరివాడో తెలుస్తుంది. 1933లో ఆయన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి కొయ్యలోకి ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. రాగి బూజుల్ని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగుల్ని చంపుతుంది. అసలు తెలివి క్రోమియంలో ఉంది. మిగతా రెంటినీ అది కొయ్య పోగులకు అతికించి కరగకుండా పట్టి ఉంచుతుంది; లేకపోతే మొదటి వానకే మందు కొట్టుకుపోతుంది. ప్రపంచమంతటా కరెంటు స్తంభాలు, రైలు పట్టాల కింది దిమ్మలు, రేవు కొయ్యలు ఈ మందుతోనే పదుల ఏళ్ళు నిలిచాయి. తరవాత ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళ వాడకానికి దాన్ని ఆపేశారు. విశాఖ హార్బరు నీళ్ళలో రకరకాల కొయ్య పలకల్ని వేలాడదీసి ఏ కొయ్యను పురుగు ఎంతకాలంలో తింటుందో చూసిన శాస్త్రవేత్తలు, తెప్ప దుంగలకు కూడా ఇలాంటి మందు ఎక్కించి చూశారు. మందు పనిచేసింది. అది పల్లెపల్లెకూ చేరే లోపే దుంగలే దొరకడం మానేశాయి.

అడవి చట్టాలు బిగిశాయి, కలప ధర పెరిగింది, మంచి టేకు నావ కొనడం ఇల్లు కట్టుకున్నంత పనైంది. ఇంజన్లు వచ్చాయి, ఇంజను అదురు మేకుల పట్టును, దూది సందుల్ని సడలిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పడవ నెమ్మదిగా మొదలై, 2004 సునామీ తరవాత సాయంగా పంచిన పడవలతో ఒక్కసారిగా తీరమంతా పరుచుకుంది. పురుగు పట్టదు, ఏటా కుట్టక్కర్లేదు, తేలిక. ఇందులో జాలరులది తప్పేమీ లేదు. కొయ్య పడవలు పోయాయని ఊళ్ళో కూర్చుని బాధపడేవాళ్ళెవరూ మాఘమాసపు తెల్లవారుజామున తడి తెప్ప మీద మోకాళ్ళేసి తెడ్డు వేయలేదు. ఉప్పాడ లాంటి చోట్లయితే తీరమే కోసుకుపోతోంది. కొయ్య తెప్ప మళ్ళీ వచ్చినా, దాన్ని విప్పి ఆరబెట్టుకోవడానికి ఇసుక ఎక్కడుంది?

ఫైబర్ తెప్పను దగ్గరికెళ్ళి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ముక్కు దగ్గర పైకి తేలిన వంపు, వెనక సన్నబడటం, మీద నీళ్ళు నిలవకుండా జారిపోయే వాలు, అన్నీ పాత దుంగల తెప్పవే. అచ్చు పోసింది ఆ రూపం చూసే. ఎక్కడైనా అంచు పగిలిన పాత ఫైబర్ తెప్ప ఇసుక మీద బోర్లా పడి ఉంటే, పగులులోంచి లోపలికి చూడండి. తెల్లగా థర్మోకోల్ నురగ కనిపిస్తుంది. చిన్నచిన్న గదులు, ఒక్కో గదిలో గాలి, చుట్టూ పల్చటి గోడ. బూరుగు దుంగను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో పెడితే కనిపించేదీ ఇలాంటిదే. కాకపోతే ఈ గదుల గోడలు నీరు తాగవు, కాబట్టి ఆరబెట్టే పనీ లేదు. పగిలిన చోటు నుంచి రాలిన గుళికలు మాత్రం గవ్వలతో కలిసిపోయి అలల అంచున దొర్లుతుంటాయి.